క్రొత్త సర్వరు మేలుకొననప్పుడు

మన పాఠశాల గ్రంథాలయమునందు ఇప్పుడు రేయింబవళ్లు పనిచేయుచున్న సర్వరు, కూర్చిన నాటి సాయంకాలము మేలుకొనలేదు. మీట నొక్కినంతనే పంకాలు తిరిగినవి, పచ్చదీపము వెలిగినది. తెర మాత్రము నల్లగనే యుండెను. చుట్టును నిలిచిన పదవ తరగతి విద్యార్థులు మా ముఖము చూచిరి. మేము యంత్రము ముఖము చూచితిమి. వసారాలో బల్లమీద కూర్చున్న యిద్దరు తల్లిదండ్రులు లేచి లోనికి వచ్చిరి. వారును, వారివంటి మరికొందరును ఇచ్చిన చందాలతో కొన్న యంత్రమది.

ఆనాడు మేము చేసిన పనులను, అందు చేసిన పొరపాట్లతో సహా, ఈ పాఠమున వివరించుచున్నాము. యంత్రములు కూర్చుట నేర్వగోరు పిల్లలకు ఇది పనికివచ్చును. “బోర్డు పోయినది, క్రొత్తది కొనుడు” అను మాట విని సొమ్ము చెల్లింపబోవు పెద్దలకు అంతకన్న నెక్కువగా పనికివచ్చును.

సర్వరనగా సేవచేయు యంత్రము. మామూలు కంప్యూటరు తన యెదుట కూర్చున్న యొక్కనికి పనిచేయును. సర్వరు తనతో కలిసిన పదిమందికో నూరుమందికో ఒకేమారు కావలసిన పుటల నందించును. దీనికి మేము పెట్టిన పనులు రెండు. మన పత్రిక పాత సంచికలను స్కాను చేసి, వాని విషయసూచికలను టైపు చేసి దాచుట యొకటి. ఆ సంచికలలో కొన్నిటికి మన బీరువాలోని ప్రతి తప్ప వేఱొక ప్రతి యున్నట్లు మాకు తెలియదు. తెలుగు వికీపీడియాను ఇంటర్నెట్టు లేని వేళలందు సహితము పిల్లలు చదువుకొనునట్లు నిలువచేయుట రెండవది. తెలుగు పుస్తకము కొనవలెనన్న సరిహద్దు దాటి పోవలసిన మనవంటి వారికి ఇది చిన్న వసతి కాదు.

ఇంతమాత్రమునకు మామూలు కంప్యూటరు చాలదా యని కొందరు పెద్దలు అడిగిరి. చదువుకొనుటకు చాలును, భద్రపరచుటకు చాలదని మా యభిప్రాయము. కారణము చెప్పుటకు ముందు యంత్రపు జ్ఞాపక మెట్లు నిలుచునో చూడవలెను.

డిస్కులో వ్రాసినది కరెంటు పోయినను నిలుచును. పని జరుగుచున్నంతసేపు చేతికందునట్లు పెట్టుకొను తాత్కాలిక జ్ఞాపకము వేఱు. దానినే ర్యామ్ అందురు. అది కరెంటుతోపాటు పోవును. అందు ఒక్కొక్క బిట్టునకు, అనగా ఒక్కొక్క సున్నకో ఒకటికో, ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చొప్పున నుండును. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ ఈ యమరికకు 1968లో పేటెంటు పొందెను. కెపాసిటరులో నింపిన విద్యుత్తు చిల్లికుండలోని నీటివలె కారిపోవుచుండును. కావున డి.డి.ఆర్.4 రకపు ర్యామ్‌లో సాధారణముగా 64 మిల్లీసెకండులకు ఒకమారు ప్రతి వరుసను మరల నింపుచుండవలెను. మనము రెప్పవేసి తెఱచునంతలో ఈ పని యొకమారైనను ముగియును.

ఇట్టి కుండలు కోటానుకోట్లు. ఎప్పుడో యొకటి తప్పుట వింతగాదు. చిప్పులోని లోపము వలననో, విద్యుత్తు ఒడుదొడుకుల వలననో, అంతరిక్షమునుండి వచ్చు కిరణముల తాకిడి వలననో సున్న ఒకటి కావచ్చును. ఒక్క బిట్టు మాఱిన నేమి పోవునని తలంపరాదు. తెలుగును యూనికోడ్ పద్ధతిలో, యు.టి.ఎఫ్.-8 రూపమున నిలువచేయునప్పుడు ఒక్కొక్క వర్ణమునకు, ఒక్కొక్క గుణింతపు గుర్తునకు మూడేసి బైట్లు పట్టును. ‘క’ యొక్క చివరి బైటు 10010101. ‘గ’ యొక్క చివరి బైటు 10010111. తక్కిన రెండు బైట్లును రెంటికి నొక్కటే. కుడినుండి రెండవ బిట్టు ఒక్కటి మాఱినచో కంప గంప యగును, కాలి గాలి యగును, కడప గడప యగును. అక్షరదోషములు దిద్దు ప్రోగ్రాము కూడ దీనిని పట్టలేదు. మాఱిన మాటయు తెలుగు మాటయే గదా! ఇరువదియేండ్లుగా విద్యార్థుల తప్పులు దిద్దుచున్న మాకు ఈ తప్పు మిక్కిలి భయము గొల్పినది. పిల్లవాడు చేసిన తప్పునకు కారణ ముండును; దీనికి లేదు.

బెల్ లేబొరేటరీస్‌లోని రిచర్డ్ హామింగ్ ఇట్టి తప్పులను తనంతట దిద్దుకొను సంకేతపద్ధతిని 1950లో ప్రచురించెను. ఆ మార్గమునే యనుసరించి సర్వరు ర్యామ్‌లో 64 బిట్ల సమాచారమునకు 8 బిట్లు కాపలాగా చేర్చి 72 బిట్లుగా నిలువచేయుదురు. ఒక బిట్టు తప్పిన యెడల ఏది తప్పినదో కనిపెట్టి దిద్దును. రెండు తప్పిన యెడల దిద్దలేకపోయినను, తప్పు జరిగినదని తెలుపును. దీనిని ఇ.సి.సి. ర్యామ్ అందురు. దీనికొఱకే మేము సర్వరు కోరితిమి. అయితే ర్యామ్‌లో రకములు పెరిగినకొలది ఒకదానికొకటి పొసగని రకములు కలిసిపోవుటకును అవకాశము పెరుగును. మా చిక్కు అక్కడ పుట్టినది.

క్రొత్తగా కూర్చిన దన్నమాటయే గాని భాగములన్నియు క్రొత్తవి కావు. ప్రాసెసరు 2016లో వెలువడిన ఇంటెల్ జియాన్ ఇ5-2600 వి4 వరుసలోనిది. పెద్ద సంస్థలు వాడి తీసివేసిన పిమ్మట చవుకగా దొరకినది. మదర్‌బోర్డుమీద ప్రాసెసరులకు రెండు సాకెట్లు గలవు. మేము ఒక ప్రాసెసరునే కొంటిమి. 16 జి.బి. ర్యామ్ పలకలు నాలుగు; వెరసి 64 జి.బి. రావలెను.

తెర నల్లగా నుండుట చూచి మొదట అందరును తెరనో దాని తీగనో అనుమానింతురు. మేమును అట్లే చేసి కొంత కాలము పోగొట్టుకొంటిమి. నిజమునకు, మీట నొక్కిన పిమ్మట బయోస్ అను ప్రారంభపు ప్రోగ్రాము ర్యామ్‌ను వెదకి, కొలిచి, పనికి సిద్ధము చేయును. ర్యామ్ సిద్ధము కానిదే తెరమీద బొమ్మ వేయుట సాధారణముగా జరుగదు. కావున జ్ఞాపకము లేని యంత్రము తన బాధను తెరమీద వ్రాసి చెప్పజాలదు. వేఱు దారిని చెప్పును: కొన్ని బోర్డులు బీప్ శబ్దములు చేయును, కొన్నిటిపై రెండంకెల చిన్నదీపము వెలుగును, సర్వరు బోర్డులలో తఱచుగా యంత్రముపై కాపలాయుండు ప్రత్యేకపు చిప్పు ఒక చిట్టా వ్రాయుచుండును. అనేకములగు ఏ.ఎం.ఐ. బయోస్ బోర్డులలో 55 అనిన ర్యామ్ పెట్టలేదని, 53 అనిన పనికివచ్చు ర్యామ్ కనబడలేదని యర్థము. అన్ని బోర్డులకు నివే యంకెలు కావు; బోర్డుతో వచ్చిన పుస్తకమును చూడక బీప్‌లకు అర్థము చెప్పరాదు. మా బోర్డు పుస్తకము ప్రకారము మాకు కనబడిన సంకేతమునకు “పనికివచ్చు ర్యామ్ లేదు” అని యర్థము. నాలుగు పలకలు కన్నులయెదుట నుండగా లేదనుచున్నదేమని పిల్లలు నవ్విరి.

ఇచ్చట నొక హెచ్చరిక. ఎక్కువ ర్యామ్ గల సర్వరు మొదటిమారు మేలుకొనుటకు కొన్ని నిమిషములు పట్టవచ్చును. ప్రాసెసరునకు ర్యామ్‌నకు నడుమ సంకేతములు ఏ క్షణమున చేరుచున్నవో యంత్రము కొలిచి సరిచూచుకొనును. ఇంటి కంప్యూటరు వేగమునకు అలవాటుపడినవారు అరనిమిషము చూచి మీట కట్టివేయుదురు. గడియారము ముందుంచుకొని పది నిమిషములైన నోపిక పట్టవలెను. మేము పట్టితిమి, ఫలము లేకపోయెను.

పిమ్మట యంత్రమును విప్పితిమి. విప్పుటకు ముందు కరెంటు తీగ ఊడదీయవలెను. సర్వరులకు ఒక్కొక్కప్పుడు రెండు తీగ లుండును, రెంటిని తీయవలెను. బోర్డుమీది చిన్నదీపము ఆరువఱకు వేచియుండి, ర్యామ్‌ను ముట్టుటకు ముందు పెట్టె యొక్క రంగులేని లోహభాగమును చేతితో తాకవలెను. మన దేహమునందు నిలిచిన విద్యుత్తు మనకు తెలియకయే చిప్పును చంపగలదు. పలకను అంచులతో పట్టుకొనవలెను గాని బంగారుపూత గల పాదముల నంటరాదు.

బోర్డు పుస్తకము ఆంగ్లమున నున్నది. దానిని మేము చదివి తెలుగున చెప్పుచుండగా, ఒక విద్యార్థి నోటుపుస్తకములో వ్రాయుచుండెను. మొదటి తప్పు అప్పుడే బయటపడినది, అది మాదే. కావడికి ఇరువైపుల సమముగా బరువు పెట్టినట్లు, రెండు సాకెట్లప్రక్కను రెండేసి పలకలను మేమే పెట్టించియుంటిమి. చూచుటకు ముచ్చటగా నుండెను. కాని ఇప్పటి యంత్రములలో ర్యామ్‌ను ఏలు భాగము బోర్డుమీద లేదు, ప్రాసెసరు లోపలనే యున్నది. ఇంటెల్ సంస్థ 2008లో ఈ మార్పు చేసినది, ఏ.ఎం.డి. సంస్థ 2003లోనే చేసినది. అందుచేత ప్రతి స్లాటును ఏదో యొక ప్రాసెసరుకు చెందియుండును. ప్రాసెసరు లేని సాకెట్టు ప్రక్కనున్న స్లాట్లు యజమాని లేని యిండ్లు; అందు పెట్టిన ర్యామ్ ఎవరికిని కనబడదు. నాలుగు పలకలను ప్రాసెసరున్న ప్రక్కకు మార్చితిమి. తెర నల్లగనే యున్నది.

ఇట్టి స్థితిలో చేయవలసినది యంత్రమును మేలుకొనగల కనీసస్థితికి దించుట. డిస్కులు, అదనపు కార్డులు తీసివేసి, ఒక ప్రాసెసరు, ఒకే ర్యామ్ పలక, పుస్తకము మొదటిదిగా చెప్పిన స్లాటు, ఇంతమాత్రమే యుంచవలెను. మేము అట్లే యొక పలకను పెట్టితిమి. మేలుకొనలేదు. అంతట రెండవ పలకను తీసి, తొందరలో, వేఱొక స్లాటులో పెట్టితిమి. అదియు మేలుకొనలేదు. ఇది మా రెండవ పెద్దతప్పు. పలకను మార్చితిమి, స్లాటునుగూడ మార్చితిమి. ఇక తప్పు దేనిదని చెప్పవలెను? రెండు ప్రయోగములు చేసియు మాకు తెలిసినది సున్న. భాగములు అమ్మినవారికి ఫోను చేయగా బోర్డు పోయియుండునని చెప్పిరి. రాత్రి యెనిమిది గంటలైనది. తల్లిదండ్రులు ఏమియు ననలేదు. అనినచో కొంత బాగుండెడిదేమో.

మఱునాడు నోటుపుస్తకమున నిలువుగీతలు గీయించి, పలకలకు ఒకటినుండి నాలుగువఱకు అంకెల చీటీలు అంటించితిమి. స్లాటు మార్చక పలకను మాత్రమే మార్చవలెనని నియమము పెట్టుకొంటిమి. ఒకటవ పలక మరల విఫలమైనది. రెండవ పలకను అదే స్లాటులో పెట్టునప్పుడు ఒక బాలుడు, “మాస్టారూ, ఈ ప్రక్క గొళ్లెము పడలేదండీ” అనెను. వంగి చూడగా నిజమే. డి.డి.ఆర్.4 పలకకు 288 పాదములు గలవు. ఒక కొస దిగి, రెండవ కొస వెంట్రుకవాసి పైకి నిలిచినను వానిలో కొన్ని తాకవు. పైనుండి చూచిన దిగినట్లే కనబడును. రెండు బొటనవ్రేళ్లతో రెండు కొసలను సమముగా నొక్కగా టక్కున శబ్దము వచ్చి గొళ్లెము పడినది. ఇది ముందునాటి రాత్రి మమ్ము మోసగించిన పలకయే. మీట నొక్కి గడియారము చూచుచు కూర్చుంటిమి. మూడవ నిమిషమున తెరమీద అక్షరములు వచ్చినవి: 16 జి.బి.

బోర్డు పోలేదు. ఆ సంతోషము నిక్కడ వర్ణింపము.

తరువాత మూడవ పలకను, నాలుగవ పలకను ఒక్కొక్కటిగా, పుస్తకము చెప్పిన వరుసను చేర్చితిమి. 48 జి.బి. కనబడినది. ఒకటవ పలకను చేర్చగానే మరల చీకటి. అది చెడినదని అందరును తీర్మానించిరి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మాత్రము నాలుగింటిని బల్లమీద పేర్చి చూచుచుండెను. “మాస్టారూ, దీనికి నల్లచిప్పులు తక్కువగా ఉన్నవండీ. నడుమ చిన్నచిప్పు కూడ లేదు” అనెను. లెక్కింపగా దానిపై రెండువైపుల కలిపి జ్ఞాపకపు చిప్పులు 16. తక్కినవానిపై 36 చొప్పున. 36ను తొమ్మిదిచే భాగింపవచ్చును, 16ను భాగింపరాదు. ఎనిమిదింటికి ఒక కాపలా చొప్పున చేర్చిన లెక్క గనుక, ఇ.సి.సి. పలకలపై చిప్పులు సాధారణముగా తొమ్మిదికి గుణిజములై యుండును. నడుమనున్న చిన్నచిప్పు పేరు రిజిస్టరు. ప్రాసెసరునుండి వచ్చు ఆజ్ఞలను అందుకొని చిప్పుల కందఱికి పంచును. దీనిచేత ప్రాసెసరుపై భారము తగ్గి ఎక్కువ ర్యామ్ పెట్టుటకు వీలగును. ఇట్టివానిని రిజిస్టర్డు ర్యామ్ అందురు. మామూలు కంప్యూటరు ర్యామ్‌లో రిజిస్టరుండదు. డి.డి.ఆర్.4లో రెండు రకములకును గాటు ఒకేచోట నుండుటచే, ఏదైనను స్లాటులో చక్కగా దిగును. కాని రెండును కలిసి ఒక యంత్రమున పనిచేయవు. డి.డి.ఆర్.5లో గాట్లు వేఱుచేసిరి గనుక ఈ పొరపాటు జరుగదు.

చీటీలు చూడక కొంటిరా యని మీ రడుగవచ్చును. చూచితిమి. “రిజిస్టర్డు పలక చీటీపై ఆర్ అను నక్షర ముండును” అని చదివి, నాలుగింటిపైనను ఆర్ ఉన్నదని తృప్తిపడితిమి. మంచి పలకల చీటీ యిట్లున్నది: 2ఆర్×4 పిసి4-2133పి-ఆర్ఎ0. ఒకటవ పలక చీటీ: 2ఆర్×8 పిసి4-2133పి-యుబి0. మొదట వచ్చు ఆర్‌కు ర్యాంకు అని యర్థము, అనగా చిప్పుల జట్టు. అది అన్ని పలకలపై నుండును. రకమును తెలుపునది వేగపు అంకెల తరువాత, చిన్నగీతకు పిమ్మట వచ్చు నక్షరము. అక్కడ ఆర్ ఉన్న రిజిస్టర్డు; యు ఉన్న మామూలుది; ఇ ఉన్న కాపలా బిట్లున్నను రిజిస్టరు లేనిది. ‘ఆరు’ అను మాట సంఖ్య యెప్పుడగునో, దీప మారుట యెప్పుడగునో వాక్యములోని చోటునుబట్టి తెలిసికొనవలెనని తరగతిలో బోధించు మేమే, ఆర్ ఎక్కడ నున్నదో చూడక పోయితిమి.

ఆ పలకను కార్యాలయపు కంప్యూటరులో పెట్టి చూడగా చక్కగా పనిచేసినది. అది చెడినది కాదు గనుక, అమ్మినవారు చీటీ చూచుకొని మాఱుమాటాడక మార్చి యిచ్చిరి. దానిని పెట్టగా 64 జి.బి. సంపూర్ణమైనది.

మీ యింటనో మీ ఊరనో యంత్రము మేలుకొనియు కొంత ర్యామ్ మాత్రమే చూపినచో, లెక్కకు రాని పలకను లెక్కకు వచ్చిన స్లాటులోనికి మార్చి చూడుడు. లోపము పలకవెంట పోయిన పలకది. స్లాటుననే నిలిచిన స్లాటుది. స్లాటుదైనప్పుడు గూడ బోర్డునే నిందింపరాదు. ఈ ప్రాసెసరు సాకెట్టున 2011 సన్నని ముళ్లు గలవు. వానిలో ఒకటి వంగినను ర్యామ్‌నకు పోవు దారి మూసికొనవచ్చును. పంకా మరలను ఒకవైపే గట్టిగా బిగించినను ఇట్లు జరుగును. ముళ్లను భూతద్దముతో చూడవచ్చును గాని, పిల్లలు వానిని సరిదిద్ద యత్నింపరాదు.

పాదములను పెన్సిలు రబ్బరుతో రుద్దుట మన రిపేరు దుకాణములందెల్ల గలదు. పాత పలకకు అది యొక్కొక్కప్పుడు ఫలించును. కాని బంగారుపూత మిక్కిలి పలుచనిది, రుద్దినకొలది పోవును. మెత్తని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిచేసి తుడుచుట మేలు. బయోస్ అమరికలను తొలిస్థితికి తెచ్చుటయు, ప్రాసెసరుకన్న బయోస్ పాతదైన క్రొత్తది వేయుటయు నున్నవి. ఇవి చివర చేయవలసినవి. మాకు వాని యవసరము కలుగలేదు.

మేలుకొన్నంత మాత్రమున ర్యామ్ మంచిదని చెప్పరాదు. మెమ్‌టెస్ట్86+ అను ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవులో నుంచి రాత్రి యంతయు నడిపించితిమి. తప్పులు చూపలేదు. అయితే ఇ.సి.సి. ర్యామ్ తన తప్పును తానే దిద్దుకొని మాట్లాడక యుండవచ్చును గనుక, యంత్రపు చిట్టాను కూడ తెఱచి చూచితిమి. దిద్దిన తప్పులును లేవు. ఇప్పుడు ప్రతి నెల మొదటి సోమవారమున ఇద్దరు విద్యార్థులు ఆ చిట్టాను చూచి నోటుపుస్తకమున వ్రాయుచున్నారు. ఏ స్లాటులో ఏ పలక యున్నదో, దాని చీటీపై ఏమి యున్నదో ఆ బాలిక తెలుగున వ్రాసిన కాగితమును యంత్రపు మూతకు లోపలివైపున అంటించియున్నాము.